నా ఎముకల్లోంచి భాస్వరం జారిపోయిన కాలం

మంచిగైన మనిషి జబ్బు రోజులను తలచుకుని మురిసిపోతాడా అని నా భార్య అండాలు నన్ను ఎగతాళి చేస్తుంటుంది. నిజమే, ఆ నాలుగేళ్లలో మురిసిపోయేంత భాగ్యం ఏమీ లేదు. మంచం దిగడానికి ఒకరి సాయం, మగ్గం గుంటలోకి దిగడానికి ఇద్దరి సాయం, గట్టిగా నవ్వితే పక్కటెముకల్లో పోటు. అయినా ఆ కాలం గుర్తొస్తే నాకు ముందు నొప్పి గుర్తు రాదు. పోశమ్మత్త వాకిట్లో పొద్దుటెండ గుర్తొస్తుంది. బస్సు కిటికీకి తల ఆనించి కునికిపాట్లు పడే అండాలు, నలభై దాటిన నన్ను పసిపిల్లవాడిలా పడుకోబెట్టి నూనె రాసిన మా అమ్మ గుర్తొస్తారు. ఇప్పుడు మళ్లీ అందరం ఎవరి పనిలో వాళ్లం పడిపోయాం. ఆ తీరిక ఇక రాదు.

ఇది రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా దిక్కు ఒంటినొప్పులంటే అందరం ఆలోచించకుండా ఒకటే మాట అనేస్తాం. ఆ మాటకు నావి నాలుగేళ్లు పోయాయి. ఇంకొకరివి పోకూడదు.

తెలంగాణ వచ్చిన ఏడాది, చలికాలం

మాది చండూరు దగ్గర ఒక ఊరు. సగం ఇళ్లలో మగ్గాలు, అన్ని ఇళ్లలో మోకాళ్ల నొప్పులు. మా బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉంటుందని, అది ఎముకలను వంచేస్తుందని బడికి పోని ముసలివాళ్లకు కూడా తెలుసు. కాబట్టి ఆ చలికాలం నా నడుములో సలుపు మొదలైనప్పుడు ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"నీళ్లు బిడ్డా, ఏం చేస్తం" అని అమ్మ నిట్టూర్చింది.

దవాఖానలో డాక్టరు ముందు "ఏ ఊరు?" అని అడిగాడు. ఊరి పేరు చెప్పగానే తలూపి కాల్షియం గోలీలు రాశాడు. ఆయనను తప్పు పట్టలేను. ఆ వరుసలో నిలబడ్డవాళ్లలో సగం మంది మా ఊరివాళ్లే, అందరివీ అవే నొప్పులు.

మగ్గం మీద పూట కన్నా ఎక్కువ కూర్చోలేకపోయేవాణ్ని. పొద్దున్నే ఎండ కోసం పోశమ్మత్త వాకిట్లోకి చేరేవాణ్ని. ఆమె మాకు బంధువు కాదు, ఊరి వరసకు అత్త. మొగుడు లేడు, పిల్లలు లేరు. చిన్నప్పటి నుంచి నాట్లకూ కలుపులకూ పోయిన మనిషి. అరవై నిండకముందే నడుము ముందుకు వంగి, నేలను చూస్తూ నడిచేది. గోడకు ఆనుకుని కూర్చుంటే తప్ప మనుషుల ముఖాలు కనబడవు ఆమెకు.

"ఇయ్యాల యాడ నొస్తున్నది అల్లుడా?"

"నడుము, తుంటి. నీకత్తా?"

"నాకు యాడ నొస్తలేదో అడుగు. జల్ది చెప్త."

అట్లా నవ్వుకునేవాళ్లం. చలిలో వేపపుల్ల నములుతూ ఆమె ఊళ్లో వాళ్ల నడకలన్నీ వర్ణించేది. ఎవరు ఏ మోకాలు ఈడుస్తారో, ఎవరికి మెడ తిరగదో ఆమెకు కంఠతా వచ్చు. "ఇంకో నాలుగేండ్లకు నువ్వు గూడ నా లెక్కనే నేల చూస్కుంట నడుస్తవ్. జర ఇప్పుడే ఆకాశం చూస్కో" అన్నది ఒకనాడు. నవ్వించడానికే అన్నది. ఇంటికొచ్చాక నాకు భయమేసింది. నా కాళ్ల మీద నేను నిలబడి నడవగలనా, లేక మిగతా బతుకంతా నేల చూస్తూ గడపాలా? అప్పటి నుంచి నాలుగేళ్లు నా బుర్రలో ఇంకో ఆలోచన లేదు.

ఆ తర్వాతి రెండేళ్లు

నా మగ్గం మీద అండాలు కూర్చుంది. రంగు అంటకూడని చోట నూలుకు చిటికి కట్టడం, కండెలకు పోగు చుట్టడం ఆమెకు మొదటి నుంచీ తెలుసు. నేత కూడా నా పక్కన ఉండి నేర్చుకున్నదే. నేను మంచంలో పడుకుని ఆ చప్పుడు వినేవాణ్ని. పోగు తెగితే చప్పుడు మారుతుంది. "కుడిపక్క తెగింది చూడు" అని అరిచేవాణ్ని. ఆమె ఓపికగా ముడేసుకునేది. మూడోసారో నాలుగోసారో అరిస్తే మాత్రం మగ్గం ఆపి గడపలోకి వచ్చి నిలబడింది.

"నువ్వొచ్చి నేస్తవా? లేకుంటె నోరు మూస్కొని పండుకుంటవా?"

ఆ పూట నేను అన్నం తినలేదు. ఆమె మీద కోపంతో కాదు, నా మగ్గం నేను లేకుండా బాగానే ఆడుతోందని. ఇంత నీచంగా ఆలోచించానని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. పక్క గదిలో చదువుకుంటున్న మా బిడ్డ స్రవంతి లేచొచ్చి నా కంచంలో కూర వేసి వెళ్లింది.

బంధువుల్లో కొందరు పని దొంగ అన్నారు. జ్వరం లేదు, వాపు లేదు, ఒంటి మీద గాయం లేదు. మెట్టు ఎక్కబోతే తొడల్లో బలం ఉండేది కాదు. బాతులాగా అటూ ఇటూ ఊగుతూ నడుస్తుంటే పిల్లలు నవ్వేవారు. మర్రిగూడ వైపు ఒక నాటువైద్యుడు ఉన్నాడంటే పోయి, ఆయన ఇచ్చిన బూడిదరంగు పొడి తేనెలో కలిపి రోజూ నాకుతూ వచ్చాను.

కృష్ణా నీళ్లు వచ్చిన ఎండాకాలం

ఇంటింటికీ నల్లా వేసి కృష్ణా నీళ్లు వదిలిన రోజు మా వాడలో పండుగ జరిగింది. పోశమ్మత్త తన బిందెకు పసుపు రాసింది. ఆడవాళ్లు నల్లా కింద చేతులు పెట్టి తాగి, "సప్పగున్నయి" అని నవ్వారు. బోరు నీళ్ల రుచికి అలవాటైన నోళ్లు మరి.

"ఇగ ఫికర్ లేదు అల్లుడా. నా బొక్కలు ఎట్లనో వంగినయి, నీవి నిలబడ్తయి" అన్నది పోశమ్మత్త.

నేను నమ్మాను. దాహం లేకపోయినా చెంబుల కొద్దీ తాగాను. కానీ నెలలు గడిచేకొద్దీ నొప్పి పెరిగింది. ఒక పొద్దున పళ్లు తోముకోవడానికి గడప దాటుతుంటే ఎడమ తుంటిలో టక్కుమంది. కింద పడలేదు, జారలేదు. ఊరికే కాలు పెట్టానంతే, ఎముక చిట్లింది.

నల్గొండలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును లైటు మీద పెట్టి చాలాసేపు చూశాడు. నేను నా పాఠం మొదలుపెట్టాను, మాది ఫలానా ఊరు, నీళ్లు, ఫ్లోరైడు అని. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఫ్లోరైడ్ అయితే బొక్క గట్టిపడి తెల్లగ కనిపించాలె అన్నా. నీది చూడు, పల్చగ, మసకమసకగున్నది. ఇది నీళ్ల రోగం కాదు."

ఆ మాటకు సంతోషించాలో భయపడాలో తెలియలేదు. మా ఊళ్లో నొప్పికి ఒకటే పేరుంది. ఆ పేరు కాదంటే మరి నాకేమైనట్టు? రక్తపరీక్షలో కాల్షియం సరిగానే ఉంది. ఫాస్ఫేట్, అంటే భాస్వరం, మాత్రం ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. అది లేక ఎముక పచ్చిగా మెత్తబడిపోతోందట. ఎందుకు తగ్గిందో తేల్చడం తన వల్ల కాదని, హైదరాబాదులో గ్రంథుల రోగాలు చూసే డాక్టరమ్మకు చీటీ రాసిచ్చాడు.

ఇంటికొచ్చి చెబితే పోశమ్మత్త నోరు వెళ్లబెట్టింది. "ఫాస్ఫేట్ అంటె డీఏపీ బస్తలల్ల ఉండేదే గద! పొలానికేసేది నీ ఒంట్ల తక్కువ పడ్డదా?"

మరుసటి ఏడాది వానాకాలం, హైదరాబాదు

డాక్టరమ్మది పాలమూరు. అంటే మహబూబ్‌నగర్ మనిషి, మా మాట అక్షరం పొల్లుపోకుండా అర్థమయ్యేది. మొదటి రోజే ఆమె చెప్పింది, పరగడుపున రక్తమూ మూత్రమూ ఒకే గంటలో ఇవ్వాలని. ఫాస్ఫేట్ ఒంటికి ఎక్కడం లేదా, లేక ఎక్కినది మూత్రంలో పోతోందా అనేది దాంతోనే తెలుస్తుందట.

అట్లాగేనని తలూపి, వారం తర్వాత పొద్దున్నే మొదటి బస్సెక్కాం. నార్కట్‌పల్లిలో బస్సు ఆగింది. నార్కట్‌పల్లిలో బస్సు ఆగితే చాయ్ తాగడం నా ఒంట్లో ఉన్న అలవాటు, బుర్రకు సంబంధం లేదు. అండాలు కునుకు తీస్తోంది. కర్ర ఊతంతో దిగి చాయ్ తాగి, రెండు మిర్చిబజ్జీలు తిని, ఆమెకూ ఒకటి కాగితంలో చుట్టి తెచ్చాను.

ల్యాబులో అమ్మాయి "ఏమన్నా తిన్నారా?" అని అడిగింది. నేను సమాధానం చెప్పేలోపు అండాలు తన చేతిలో ఉన్న నూనె కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది.

"నీ నోట్ల మన్నువొయ్య, నాలుగేండ్ల నొప్పికి ఓర్చినవ్, నాలుగు గంటల ఆకలికి ఓర్వలేవా?"

వెయిటింగు హాలంతా నవ్వింది. ఆ రోజు ఎల్బీనగర్‌లో ఆమె చెల్లెలింట్లో ఆగిపోయాం. ఇప్పుడు ఆ కథ ఆమే అందరికీ చెబుతుంది, ప్రతిసారీ బజ్జీల లెక్క పెంచుతూ.

మర్నాడు పరీక్ష ఇచ్చి ఫలితం కోసం కూర్చున్నాం. ఇనుప బెంచీలు, ఎముకలు గట్టిగా ఉన్న మనిషికే గుచ్చుకుంటాయి, నా సంగతి చెప్పాలా? పక్కన మేళ్లచెరువు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఖాసిం చాచా, సిమెంటు ఫ్యాక్టరీలో చేసి మానేసినవాడు. భార్యను కిడ్నీ డాక్టరుకు చూపించడానికి వచ్చాడు. నా అవస్థ చూసి, సంచిలోంచి తన నమాజు దుప్పటి పక్కనే మడిచి పెట్టుకున్న బొంత తీసి నా కిందికి తోశాడు.

"కూసో తమ్మి. నా బేగంకు ఇంకా నెంబరు రాలె. వచ్చెదాక ఇది నీదే."

నెంబరు వచ్చాక కూడా ఆయన బొంత తీసుకోలేదు. పోతూ పోతూ మళ్లీ వచ్చేటప్పుడు తెమ్మన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు పోయినా ఆయన కనబడలేదు. ఆ బొంత మా ఇంట్లోనే ఉంది, ఆయన బేగం ఎట్లా ఉందో నాకు తెలియదు.

డాక్టరమ్మ కాగితం చూసి కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"చూడు సత్తయ్యన్నా. ఇంట్లకు బియ్యం వస్తనే ఉన్నయి, గని బస్త అడుగున తూటు పడ్డది. ఆ తూటు నీ కిడ్నీల ఉన్నది. ఫాస్ఫేట్ అంత మూత్రంల పోతున్నది. కిడ్నీ అయితే మంచిగనే ఉన్నది. మరి ఆ తూటు ఎవరు పెట్టిన్రో మనం పట్టుకోవాలె."

ఆమె పట్టుకోవడం పోలీసు విచారణ లాగే సాగింది. ఏ మందులు వాడావు? నాటుమందు సంగతి చెప్పాను. పొడి పొట్లం తెప్పించి చూసి, అట్లాంటి భస్మాలు కిడ్నీలోని సన్నగొట్టాలను పాడుచేయగలవని ఆపించింది. రంగుల్లో చేతులు పెడతావా? పెడతాను, నూలుకు అద్దకం మేమే వేసుకుంటాం. దానికీ పరీక్షలు చేసింది, అదీ కాదని తేలింది. పొడి ఆపిన నెల తర్వాత చూసినా మూత్రంలో ఫాస్ఫేట్ పోతూనే ఉంది.

"మీ ఇంటోళ్లల్ల ఎవరికన్న కాళ్లు వంకరున్నయా? పొట్టిగ ఉండిపోయినోళ్లు?"

"మా ఊర్ల ఎవరికి లేవు మేడం?" అన్నాను.

ఆమె రాస్తున్న కలం ఆపేసింది. ఈ జబ్బు పుట్టుకతో వచ్చే రకం కూడా ఒకటుందట. మామూలు ఊళ్లో అయితే ఆ ఒక్క ప్రశ్నతో తెలిసిపోతుంది. మా ఊళ్లో ఎవరి కాళ్లు నీళ్లకు వంగాయో, ఎవరివి రక్తం వల్ల వంగాయో ఎట్లా చెప్పాలి? చివరకు, నాది ఆ రకమే అయితే బిడ్డ రక్తంలోనూ కనబడుతుందని, మా స్రవంతి రక్తం తీయాలంది.

రిపోర్టు వచ్చేదాకా రెండు రోజులు నేనూ అండాలూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. నాకొస్తే వచ్చింది, నా బిడ్డకు ఇచ్చానా అని లోపల కుమిలిపోయాను. ఆ పిల్ల పదో తరగతి, కబడ్డీ ఆడుతుంది. చేతికి దూది అదుముకుని "నాకేం లేదు నాయినా, నేను బాతు లెక్క నడుస్తున్ననా?" అని నన్నే ఓదార్చింది. రిపోర్టులో అన్నీ సరిగా ఉన్నాయని తెలిసిన పూట అండాలు ఆస్పత్రి మెట్ల మీదే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను పక్కన కూర్చోలేక, కూర్చుంటే లేవలేక, కర్ర పట్టుకుని నిలబడే ఉన్నాను.

బతుకమ్మ ముందు

ఇక మిగిలింది ఒకటే. ఒంట్లో ఎక్కడో చిన్న గడ్డ ఉండి, అది కిడ్నీకి తప్పుడు కబురు పంపుతూ ఉండొచ్చునట. క్యాన్సరు కాదు, కానీ అది ఉన్నన్నాళ్లూ తూటు పూడదు.

"శెనిగ్గింజంత ఉండొచ్చు, నిమ్మకాయంత ఉండొచ్చు. నెత్తి నుంచి అరికాలు దాక యాడనన్న ఉండొచ్చు. స్కానింగ్ తారీకు వచ్చేలోపు ఇంట్ల మీరు గూడ తడిమి చూడున్రి. సిగ్గుపడకున్రి" అన్నది డాక్టరమ్మ. ఆమె కూడా నన్ను అంతా చూసింది. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి నేనే నవ్వుతూ, "మగ్గం తొక్కే కాళ్లు మేడం, ఆనెలుంటయి" అన్నాను. కాళ్లతో పలకలు తొక్కేవాడి పాదం కాయలు కాయడం మా ఇళ్లలో వింత కాదు. పైగా దాన్ని చెప్పుకోవడం నాకు కొంచెం గొప్ప.

అమ్మకు ఈ మాట చెప్పగానే అండాలును పక్కకు తప్పుకోమంది. ఆదివారం పొద్దున వాకిట్లో చాప పరిచి, గోరువెచ్చని నువ్వుల నూనె గిన్నె పెట్టుకుంది. నడుముకు చిన్న తువ్వాలు చుట్టుకుని పడుకున్నాను. డెబ్బై దాటిన చేతులు నెత్తి మీద మొదలుపెట్టాయి. చెవుల వెనక, మెడ, చంకలు, వీపు. చేతులతో పాటు నోరూ ఆగలేదు. ఈ మచ్చ నువ్వు పొయ్యిల పడ్డప్పటిది. ఈ గీత దూలం మీద నుంచి దుంకినప్పటిది. నాకే తెలియని నా ఒంటి కథంతా చెప్పింది. ముప్పై ఐదేళ్ల తర్వాత ఆ చేతుల కింద పడుకున్నాను. ఏమీ దొరకకపోయినా బాగుండును, సాయంత్రం దాకా ఇట్లాగే తడిమితే చాలును అనిపించింది.

ఎడమ పాదం దగ్గర చేతులు ఆగాయి. అరికాలి మధ్యలో, లోపలి వైపు గుంటగా ఉండే చోట ఆమె బొటనవేలు ఒత్తింది.

"ఇదేందిరా?"

"ఆనెనే అమ్మా. మగ్గందే."

"మీ నాయిన కాళ్లు నలభై ఏండ్లు ఒత్తిన నేను. ఆనె వేళ్ల కింద ఉంటది, మడిమె కింద ఉంటది. గీడ పలక తాకనే తాకదు. గీడ ఆనె ఎట్లయితదిరా? తోలు గూడ మెత్తగనే ఉన్నది, గడ్డ లోపట ఉన్నది."

నేను లేచి కూర్చుని నా పాదం నేనే తిప్పి చూసుకున్నాను. పాతికేళ్లుగా మగ్గం తొక్కుతున్న నేతగాణ్ని. పలక పాదానికి ఎక్కడ తాకుతుందో నాకు తెలియదా? తెలుసు. అయినా ఒంట్లో నొప్పి వస్తే నీళ్లన్నాను, కాలికి గడ్డ వస్తే మగ్గమన్నాను. రెంటికీ నా దగ్గర పేర్లు తయారుగా ఉన్నాయి కాబట్టి ఎన్నడూ వాటి వంక సరిగా చూడలేదు. డాక్టరమ్మ చేతులను కూడా నేనే పక్కకు మళ్లించాను.

స్కానింగులో ఒళ్లంతా వదిలేసి ఆ ఒక్క చోటే మెరిసింది. డాక్టరమ్మ ఆ బొమ్మను అమ్మకు చూపించి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

ఆపరేషన్ తర్వాత

చింతగింజంత గడ్డ. దాన్ని తీసేశాక నాలుగో రోజు రక్తం చూశారు. నెలలుగా కదలని ఫాస్ఫేట్ అంకె పైకి లేచింది. ఆ కాగితాన్ని అండాలు నా కంటే ముందు చదివి, రవికెలో దాచుకుంది. ఎముకలకు మాత్రం నెలలు పట్టింది. ఉగాది నాటికి కర్ర లేకుండా వాకిలి దాటాను. వానలు పడేనాటికి మగ్గం గుంటలోకి నేనే దిగాను. మొదటి రోజు జానెడు కూడా నేయలేకపోయాను. అండాలు పక్కన నిలబడి, "కుడిపక్క తెగింది చూడు" అని కసి తీర్చుకుంది.

ఊళ్లో నా కథ పాకిపోయింది. నొప్పులున్న వాళ్లంతా తమ ఒళ్లు తాము తడుముకోవడం మొదలుపెట్టారు. పులిపిరులు, కొవ్వు గడ్డలు చూపించడానికి మా ఇంటికి వచ్చేవారు. నేను ఎవరినీ చూసి నవ్వలేదు. అందరికీ ఒకటే చెప్పాను, ఊరి పేరు విని మందు రాయించుకోకండి, ఒకసారి ఫాస్ఫేట్ చూపించుకోండి అని. పోశమ్మత్తను నేనే ఆటోలో నల్గొండకు తీసుకుపోయాను. నాకున్నదే ఆమెకూ ఉండాలని, గడ్డ తీసేస్తే ఆమె కూడా లేచి నిలబడాలని దారంతా మొక్కుకున్నాను. అదే ఎముకల డాక్టరు. ఆమె రక్తంలో ఫాస్ఫేట్ సరిగ్గా ఉంది. ఎక్స్‌రేలో ఆమె ఎముకలు సున్నం కొట్టినంత తెల్లగా ఉన్నాయి. అది నీళ్ల రోగమేనని ఆయన వేరే చెప్పక్కర్లేకపోయింది.

ఆమె ఒప్పుకోలేదు. "రిపోర్టు తప్పు గూడ కావొచ్చు. మీ అమ్మను చూడమను" అన్నది.

అమ్మ చాప, నూనె గిన్నె పట్టుకుని ఆమె ఇంటికి పోయింది. తలుపు దగ్గరగా వేసుకున్నారు. నేను బయట గోడ పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి అమ్మ తలుపు తీసింది. నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. లోపల పోశమ్మత్త చీర సర్దుకుంటూ, గోడకు ఆనుకుని మా వైపు చూసి నవ్వింది.

"ఒళ్లంత దేవులాడినా గా శెనిగ్గింజంత గడ్డ గూడ నాకు రాసిపెట్టి లేకపాయె గద వదినే."

నేను తల దించుకున్నాను. ఒకే బోరు నీళ్లు తాగాం, ఒకే గోడకు ఆనుకుని కూర్చున్నాం. నాది తీసేస్తే పోయే జబ్బయింది, ఆమెది కాలేదు. అందులో నేను చేసిన మంచి లేదు, ఆమె చేసిన తప్పు లేదు.

"నువ్వెందుకు ఏడుస్తవ్‌రా అల్లుడా? నడువు. రోజు నా వాకిట్లకెల్లి నడువు. నీ మొఖం కనిపించేటట్టు నేను మంచం వాకిట్లేయించుకుంట."

ఇంటి మగ్గం అండాలుకు వదిలి నేనిప్పుడు ఊరి మగ్గాల షెడ్డులో నేస్తున్నాను, మా ఇంటి వెనక నుంచి అక్కడికి దగ్గర దారి ఉంది. నేను రోజూ చుట్టు తిరిగి ఆమె వాకిలి మీదుగానే పోతాను. ఆమె ఇప్పుడు మంచం మీంచి లేవలేని మనిషి, పడుకునే చెయ్యెత్తుతుంది. ఎక్కువసేపు కనబడాలని ఆ పది అడుగులూ నేను కొంచెం మెల్లగా వేస్తాను.